మొక్కు వెంట్రుకలు

దీపావళి అయిన నాలుగో రోజు నుంచి మా ఇంటికి పిల్లలు రావడం మొదలవుతుంది. చిరాగ్‌పల్లి వైపు చెరుకు తోటల్లో కోతకు దిగే మరాఠీ కూలీల పిల్లలు. తల్లిదండ్రులు తెల్లవారకముందే తోటలోకి పోతారు. ఏడింటికి మా ఆటో వెళ్ళేసరికి పిల్లలు గుడిసెల ముందు మంట కాచుకుంటూ కూర్చుని ఉంటారు. ఆటో దిగేటప్పుడు సగం మందికి కళ్ళలో పుసులు, సగం మందికి ముక్కులో చీమిడి. నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతులూ తిప్పి చూసి, గోళ్ళు పెరిగినవాళ్ళని ఒకవైపు, తల గోక్కుంటున్నవాళ్ళని మరోవైపు నిలబెట్టేదాన్ని. ముప్పై రెండేళ్ళు సర్కారు బడిలో పనిచేసి హెడ్మాస్టరమ్మగా రిటైరయ్యాను. ఏ వస్తువైనా ఉండాల్సిన చోట లేకపోతే నాకు ఊపిరాడదు.

ఆ ఇల్లు ఒకప్పుడు చెన్నబసప్పగారి పప్పు గోదాము. జహీరాబాదులో రైల్వే గేటు అవతల ఉంటుంది. ఆయన మిల్లును కొత్త చోటికి మార్చుకుని, ఆ మూడు గదులూ, ముందు వసారా, వెనక బావీ ఈ పిల్లల కోసం వదిలేశారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని చెరుకిల్లు అంటారు. ముందు గదిలో నేనుంటాను. వెనక గదిలో వంటచేసే సంగమ్మ ఉంటుంది. మధ్య గది పిల్లలది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. మా అమ్మ పుట్టిల్లు ఉద్గీర్ కాబట్టి మరాఠీ చదవడం, రాయడం వచ్చు. మాట్లాడితే మాత్రం పిల్లలు చాటుగా నవ్వుకుంటారు.

పొద్దున్నే గంగాళంలో నీళ్ళు కాగుతుంటాయి. స్నానాలు, తలకు నూనె, జొన్నరొట్టె, పప్పు, హాజరు, పాఠం, మధ్యాహ్నం ఒక గంట నిద్ర. సాయంత్రం ట్రాక్టర్ మీద తల్లులు వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. చెరుకాకు కోసుకుని వాళ్ళ చేతులనిండా ఎర్రటి గీతలుంటాయి. ఒకామె మాత్రల అట్ట చూపించి తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడుగుతుంది. ఇంకొకామె ఫోనులో వచ్చిన మెసేజీ చదివి పెట్టమంటుంది. నేను చదివి పెట్టేదాన్ని, రాసి పెట్టేదాన్ని, మధ్యలో నాలుగు చీవాట్లు కూడా పెట్టేదాన్ని. వాళ్ళు తలూపేవాళ్ళు. తలూపడమంటే ఒప్పుకోవడమని నేను చాలా ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను.

ఆ పిల్లల్లో కోమల్ అనే పదేళ్ళ పిల్ల మీద నాకు ఆశ ఎక్కువ. ఉమర్గా తాలూకాలో ఒక పల్లె వాళ్ళది. తండ్రి మాణిక్, తల్లి శేవంత. ముందు సీజన్లో కోమల్ తమ్ముడు దత్తుని చంకలో పెట్టుకుని కిటికీ బయట నిలబడి పాఠం వినేది. నాలుగేళ్ళు నిండని పిల్లల్ని తీసుకోకూడదని నేను పెట్టిన నియమం వల్ల వాణ్ణి లోపలికి రానివ్వలేదు. వాణ్ణి దింపి ఆ పిల్ల రాలేదు. ఈ ఏడు వాడికి నాలుగు నిండాయి. చంక ఖాళీ అయ్యాకే కోమల్ చేతికి పెన్సిల్ వచ్చింది. నెలన్నరలో నాలుగో తరగతి మరాఠీ వాచకం సగం దాకా గడగడా చదివేసింది.

చెరుకు కోతలో మొగుడూ పెళ్ళాం జంటగా కోస్తేనే పని ఇస్తారు. ఆ జంటను ఒక కోయ్తా అంటారు. కోయ్తా అంటే కొడవలి. అందుకని ఆడపిల్లకు పదమూడేళ్ళు రాగానే పెళ్ళి చేసి, కొత్త కోయ్తా కట్టి తోటలోకి దింపుతారు. కోమల్‌కి మిగిలింది మూడేళ్ళు. నేను వాళ్ళ తాలూకాలోని ఒక ఆశ్రమ పాఠశాలకు ఉత్తరం రాశాను. అక్కడి హెడ్మాస్టరు మర్యాదగానే జవాబిచ్చాడు. ఈ సీజనంతా పిల్ల చదువు ఆగకుండా సాగినట్టు మీరు రాసిస్తే జూన్‌లో ఐదో తరగతిలో, హాస్టల్లో చేర్చుకుంటామన్నాడు. మధ్యలో మానేసిన పిల్లల్ని చేర్చుకుంటే మళ్ళీ తోటలోకే పోతున్నారని, అందుకే ఈ షరతని కూడా రాశాడు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మాణిక్ రెండు చేతులూ జోడించాడు. శేవంత తలూపింది.

దత్తు జుట్టు నడుము దాకా ఉండేది. రెండు జడలు వేసి ఎర్రదారాలు కట్టేది వాళ్ళమ్మ. మొదటిసారి చూసినప్పుడు నేను వాణ్ణి ఆడపిల్ల అనుకున్నాను. డిసెంబరు మొదటివారంలో వాడి తలనిండా పేలు. ఆ తర్వాత పుళ్ళు లేచి చీము పట్టింది. జ్వరం వచ్చింది. గురువారం వచ్చే నర్సమ్మ జడలు విడదీసి చూసి మూతి ముడిచింది.

"జుట్టు తీస్తే గానీ మందు అంటది మేడం. గిట్లనే ఉంటే దవాఖానల పడెయ్యాలె" అంది.

ఆమె వెళ్ళగానే నేను కత్తెర తీశాను. సంగమ్మ పిండి చేతులతో వంటగదిలోంచి బయటికి వచ్చింది.

"మేడం, గిది మొక్కు జుట్టు లెక్క అనిపిస్తంది. పుట్టినప్పటి నుంచి కత్తెర తగల్లేదు సూడున్రి. సాయంత్రం వాళ్ళమ్మ వస్తది గదా, జర అడిగి తీయరాదున్రి."

నాకూ అలాగే అనిపించింది. ఈ మాట ఇప్పుడు దాచుకోను. పుట్టువెంట్రుకల సంగతి తెలియనంత అమాయకురాలిని కాను.

"అడిగితే వద్దంటది సంగమ్మా" అన్నాను.

కోమల్ పాఠం వదిలి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. "బాయీ, ఆయీ..." అని ఏదో చెప్పబోయింది. మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయి అంటారు. ఆయి అంటే అమ్మ; వాళ్ళమ్మ గురించి ఏదో చెప్పాలని దాని తాపత్రయం. "నువ్వు పోయి లెక్క చేసుకో" అన్నాను. వెళ్ళిపోయింది. నా మాట జవదాటే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

జడలు రెండూ వసారాలో పడ్డాయి. దారాలతో సహా కాగితంలో ఎత్తి సంగమ్మ చేతికిచ్చి, నీళ్ళ పొయ్యిలో పడేయమన్నాను. దత్తు తల కడిగి ఊదారంగు మందు పూశాను. వాడు ఏడవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని తడుముకుంటూ కూర్చున్నాడు. నాకు తృప్తిగా అనిపించింది.

సాయంత్రం శేవంత ట్రాక్టర్ దిగి వస్తూ వస్తూ మెట్ల దగ్గర ఆగిపోయింది. తర్వాత వచ్చి కొడుకు ముందు గొంతుక్కూర్చుంది. బోడితల మీద అరచెయ్యి పెట్టింది. ఊదారంగు ఆమె చేతికి అంటుకుంది.

"వెంట్రుకలెక్కడ బాయీ?" అంది.

"పేలున్నాయి. పొయ్యిలో వేసేశాం" అన్నాను. నర్సమ్మ చెప్పింది కూడా వివరించాను. నా గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి గెలిచేదాన్ని. కొడుకును ఎత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళి ట్రాక్టర్ ఎక్కింది. ఎక్కిన కోమల్ మళ్ళీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏదో మరిచిపోయిందనుకున్నాను. సంచిలోంచి వాచకం తీసి, నేను నేర్పినట్టే అంచు బయటికి వచ్చేలా బీరువాలో నిలబెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇద్దరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హాజరు పట్టీలో కోమల్ పేరు ఎదురుగా సున్నా చుట్టాను. మొదటి మూడు రోజులూ నాకు కోపమే. పిల్లవాడి ప్రాణం కాపాడితే ఇదా ఫలితం అని సంగమ్మ వినేటట్టు గొణుక్కున్నాను. ఆమె రొట్టెలు తట్టుకుంటూనే ఉంది. నాలుగోరోజు నుంచి కోపం చప్పబడి, దాని చోట ఇంకొకటి మొదలైంది. ఆటో రాగానే చేతులు చూడటం మానేసి, ఎవరు దిగుతున్నారా అని చూసేదాన్ని. పట్టీలో సున్నాలు ఒకదాని పక్కన ఒకటి పెరుగుతున్నాయి. హెడ్మాస్టరు ఉత్తరంలో 'ఆగకుండా' అన్న మాట కింద నేనే ఎర్రసిరాతో గీత గీసి పెట్టుకున్నాను.

పన్నెండో రోజు షేర్ ఆటో ఎక్కి చిరాగ్‌పల్లి దాటాక దిగాను. హైవే నుంచి తోటలోకి అరమైలు నడక. ముందుగా కనిపించింది కోమలే. దత్తుని చంకన వేసుకుని, ఇంకో చేత్తో చెరుకు కొసలు ఏరి కట్ట కడుతోంది. నన్ను చూసి నవ్వబోయి, తల్లి వైపు చూసి ఆపుకుంది. దాని అరచేతులు తిప్పి చూశాను. గోళ్ళు చూడటానికి కాదు. అప్పటికే చెరుకాకు వాటి మీద గీతలు గీసేసింది.

దత్తు తల మీద పుళ్ళు మానిపోయి, సన్నగా నూగు వస్తోంది. చంక దిగి నా చీర కొంగు పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

శేవంత కొడవలి భుజాన వేసుకుని వచ్చింది. ఆమెకు తెలుగులో 'మీరు' అనడం రాదు. ఆ సంగతి ఒకప్పుడు నాకు గుచ్చుకునేది.

"ఎందుకొచ్చినవ్ బాయీ?"

"తప్పయింది శేవంతా. అడగకుండా చేసిన. వెంట్రుకలు కాల్చేసిన. దానికి ఏం చెయ్యాల్నో చెప్పు, చేస్త."

ఆమె కొడవలి కింద పెట్టి గుడిసెలోకి పోయింది. చేతిలో ఎర్రగుడ్డ మూటతో బయటికొచ్చి, విప్పి చూపించింది. రెండు జడలు. దారాలతో సహా.

"సంగమ్మ మావ్షి తెచ్చిచ్చింది. మర్నాడే."

మావ్షి అంటే పిన్ని. నేను పొయ్యిలో పడేయమన్నవి సంగమ్మ పడేయలేదు. ఇంత దూరం వచ్చి ఇచ్చి వెళ్ళింది. నా గొణుగుడంతా విని కూడా పన్నెండు రోజులు ఆ సంగతి బయటపెట్టలేదు.

"వెంట్రుకలు దొరికినయ్ గదా. మరి పిల్లల్ని ఎందుకు పంపుత లేవు?"

శేవంత మూట మళ్ళీ కట్టుకుంటూ చెప్పింది. కోమల్ తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారట. ఒకడు జ్వరంతో. ఇంకొకడు తోటలో గట్టు కింద నిద్రపోతుండగా ట్రాక్టర్ వెనక్కి వచ్చింది. దత్తు కడుపులో పడ్డప్పుడు తుల్జాపూర్ భవానికి మొక్కుకుంది, ఐదేళ్ళు కత్తెర తగలనివ్వనని.

"మొక్కు సంగతి దేవి చూసుకుంటది. నాకు దేవి భయం లేదు బాయీ, నీ భయం ఉంది. నాలుగేండ్లు నేను దువ్విన జుట్టు, నువ్వు ఒక్క మాట అడగలే. రేపు కోమల్‌ది ఏం తీస్తవో. అది మంచిదే అంటవ్. మంచిదే ఉంటది. నన్ను మాత్రం అడగవ్."

బడిలో ఉన్నన్నాళ్ళూ నన్ను ఎవరూ ఇలా నిలదీయలేదు. నిలదీసి ఉంటే బాగుండేదని ఆ చెరుకు గట్టు మీద నిలబడి మొదటిసారి అనుకున్నాను.

ఇంటికి వచ్చి సంగమ్మ ముందు కూర్చున్నాను. ఆమె జొన్నపిండి పిసుకుతోంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీరు కోపానికొస్తరు గదా" అంది పిండిలోంచి తలెత్తకుండా. "ఈ ఇంట్ల మీకు ఎదురు చెప్పేటోళ్ళు ఎవరున్నరు మేడం? నేనా? నేను మీ కింద వంట చేసేదాన్ని. చెప్పిన గదా ఒక్కసారి, అడిగి తీయమని. రెండోసారి చెప్పాలంటే నోరు రాలే."

"శేవంతకు తెచ్చిచ్చినవ్. ఆమె నీ మీద కోపం చెయ్యలేదా?"

"నేను కత్తెర పట్టలే గదా."

ఆ రోజు ఆమె పెట్టిన రొట్టె నేను తినలేకపోయాను. నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నాం. ఝరాసంగం నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చిన మనిషి. ఆమెకు నేనంటే గౌరవమని చెప్పుకునేదాన్ని. భయమని ఆ రోజు తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టే పని సంగమ్మను అడిగి ఆమెకు అప్పజెప్పి, వాచకం సంచిలో వేసుకుని మళ్ళీ తోటకు వెళ్ళాను. 'అడిగి' అన్నమాట ఊరికే రాయలేదు. "జర చూసుకుంటవా?" అని నేనంటే, ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

తోటలో శేవంత వంగి కోస్తోంది. కోత ఆగదు. వాళ్ళు వరసలో ముందుకు పోతుంటారు, వెనక చెరుకు పడుతుంటుంది.

"ఇక్కడ కూసుంట శేవంతా. దత్తుని నేను ఒళ్ళో పెట్టుకుంట. కోమల్ చదువుకుంటది. సరేనా?"

ఆమె వద్దనలేదు. గట్టు మీద కూర్చున్నాను. దత్తు వచ్చి ఒళ్ళో పడ్డాడు. కోమల్ చేతులు పరికిణీకి తుడుచుకుని వాచకం తెరిచింది. పన్నెండు రోజుల కిందట ఏ పేజీ దగ్గర ఆగిందో అక్కడ వేలు పెట్టింది.

అలా రోజూ వెళ్ళాను. ఎండ మొహాన కొట్టేది. చీరకు బురద, చెరుకాకు నూగు. అరవై దాటిన మోకాళ్ళు గట్టు మీద కూర్చోనిచ్చేవి కావు. కూలీలు మొదట వింతగా చూశారు, తర్వాత చూడటం మానేశారు. ఐదోరోజో ఆరోరోజో వెళ్ళేసరికి గట్టు మీద మడిచిన గోనెసంచి ఉంది. ఎవరిదో అనుకుని పక్కన కూర్చున్నాను. శేవంత కోస్తూనే వెనక్కి తిరిగి, "అది నీకే" అంది.

పాఠం అయ్యాక ఆమె నీళ్ళు తాగడానికి వచ్చి పక్కన కూర్చునేది. ఒకరోజు సీసా మూత తిప్పుతూ, "కోమల్ చదువుతుంటే నాక్కూడా వినపడ్తది. ఆ నక్క కథల నక్క ఏమైంది?" అని అడిగింది. కోమల్ చదివి వినిపించింది. శేవంత నవ్వింది. నేను ఆమె నవ్వు అంతకుముందు చూడలేదు. రెండు సీజన్లు మా మెట్ల మీద కూర్చుని వెళ్ళిన మనిషి.

సంక్రాంతి వెళ్ళింది, చలి తగ్గింది. శివరాత్రికి సంగమ్మ ఝరాసంగం జాతరకు పోయి, పిల్లలందరికీ పేలాలూ బత్తాసులూ తెచ్చింది. దత్తు వంతు, కోమల్ వంతు పొట్లం కట్టి నాతో పంపింది. ఆ రోజు మాణిక్ కూడా గుడిసె ముందున్నాడు. ఇంకో పది రోజుల్లో కోత అయిపోతుందని చెప్పాడు.

"అయినంక ముందు తుల్జాపూర్ పోతం బాయీ" అన్నాడు. "ఆ వెంట్రుకలు దేవికిచ్చి ఊరికి పోతం."

శేవంత దత్తు తల నిమిరింది. వేలి మందాన జుట్టు పెరిగింది. ఆమె నా వైపు చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టింది.

"మాలో బిడ్డకు మొదటి కత్తెర మామ పెట్టాలె. తల్లి అన్నదమ్ముడు. నాకు అన్నదమ్ములు లేరు. గుడి కాడ ఎవర్నన్న వరస కలిపి నిలబెట్టుకుందామనుకున్నం."

"నేనైతే వద్దన్న" అన్నాడు మాణిక్ నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ. "ఆడమనిషి మామ అయితదా అని."

"కత్తెర పెట్టింది నువ్వే గదా బాయీ" అంది శేవంత. "అడగకుండ పెట్టినవ్. అయినా పెట్టింది నువ్వే. అది ఇంకొకళ్ళకు పోదు. తుల్జాపూర్ల వాడు నీ ఒళ్ళోనే కూసోవాలె."

చేసిన తప్పుకు శిక్ష వేస్తుందని ఎదురుచూస్తే, ఆమె నాకొక చుట్టరికం ఇచ్చింది. అది శిక్ష కంటే బరువుగా వచ్చి కూర్చుంది. నా సొంత మనుషుల్లో నన్ను వరస పెట్టి పిలిచేవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది.

"ఇంకోటి" అంది శేవంత. "మామకు మేనకోడలి మీద మాట ఉంటది మాలో. కోమల్ సంగతి నువ్వు చెప్పు. హాస్టల్ల ఉంచాల్నా, మాతోటి తేవాల్నా? నువ్వు ఏం చెప్తె అది."

రెండు నెలల కిందటైతే ఆ మాట పూర్తి కాకముందే చెప్పేసేదాన్ని. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఉత్తరం కూడా సంచిలోనే ఉంది. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ ఆపుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

"కోమల్‌ని అడుగుదాం" అన్నాను.

ముగ్గురం కోమల్ వైపు తిరిగాం. అది బత్తాసు చప్పరిస్తూ ఆగిపోయింది. దాన్ని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. తల్లి మొహం, తండ్రి మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది. ఏ జవాబు చెప్తే మెచ్చుకుంటామో వెతుక్కుంటోంది. అది నేను నేర్పిందే.

"నీకేం కావాల్నో చెప్పు" అన్నాను. "ఏం చెప్పినా ఎవరూ కోపం చెయ్యరు."

"చదువుకుంట" అంది చివరికి. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "దత్తుని ఎవరు చూస్తరు?" అంది.

మాణిక్ కొడవలి పదును వేలితో చూసుకుంటూ ఉండిపోయాడు. గట్టు కింద నిద్రపోయిన పిల్లవాడి సంగతి అందరికీ గుర్తొచ్చే ఉంటుంది.

"చెరుకిల్లు ఉంది" అంది శేవంత. నా కళ్ళలోకి సూటిగా చూసింది. "వచ్చే సీజన్ల వాడు ఆడనే ఉంటడు. ఏది చేసినా నన్ను అడుగుతవా?"

"అడుగుత."

"నేను వద్దంటే?"

"వద్దంటే చెయ్య. కానీ నీతోటి కొట్లాడుత."

ఆమె తలూపింది. ఈసారి అది ఒప్పుకోవడమే. ఆ మర్నాడు ఏడింటికి ఆటో మా గుమ్మం ముందు ఆగితే, ముందుగా దత్తు దూకాడు, వెనకాల కోమల్ దిగింది. బీరువాలో దాని వాచకం చోటు ఖాళీగానే ఉంచాను.

ఇక హెడ్మాస్టరుకు రాసివ్వాల్సిన కాగితం మిగిలింది. తోటలో చెప్పిన పాఠాలను హాజరుగానే వేశాను, అది నిజమే కాబట్టి. డిసెంబరులో పదకొండు సున్నాలున్నాయి. వాటిని దిద్దడం నాకు రెండు నిమిషాల పని. ముప్పై రెండేళ్ళలో ఎన్నడూ పట్టీ దిద్దలేదు, అప్పుడూ దిద్దలేదు. ఆ సున్నాల కింద ఇలా రాశాను. 'ఈ పదకొండు రోజులు పిల్ల రాకపోవడానికి పిల్లగాని, తల్లిదండ్రులుగాని కారణం కాదు. తల్లిని అడగకుండా ఆమె కొడుకు మొక్కు వెంట్రుకలు నేను తీయించడం వల్ల ఆమెకు మా ఇంటి మీద నమ్మకం పోయింది. తప్పు నాది.' సంతకం పెట్టి, మరాఠీలో రాసినదాన్ని సంగమ్మకు తెలుగులో చదివి వినిపించాను.

"గట్లెందుకు రాసిన్రు మేడం? జెరమొచ్చిందని రాస్తె పాయె" అంది.

"ఎట్ల రాయమంటవో చెప్పు, మారుస్త" అన్నాను.

ఆమె ఆలోచించింది. "తీయించడం కాదు, తీయడం. మీరే తీసిన్రు" అంది. దిద్దాను.

కోత అయిపోయిన మూడోరోజు పొద్దున్నే బస్సెక్కాం. సంగమ్మ జొన్నరొట్టెలు, పల్లి పొడి మూటగట్టి ఇచ్చింది. దత్తుకు నేను కొత్త చొక్కా, టోపీ తీసుకున్నాను. మామ పెట్టాల్సిన బట్టలవి అని శేవంతను అడిగి తెలుసుకున్నాను. తుల్జాపూర్లో మంగలి ముందు కూర్చుని దత్తుని ఒళ్ళో పెట్టుకున్నాను. కత్తి తలకు తగలగానే వాడు అప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. గట్టిగా పట్టుకున్నాను. శేవంత ఎర్రమూట విప్పి, ఆ రెండు జడలూ కొత్త వెంట్రుకల పక్కన పెట్టింది. పోయిన ఇద్దరు కొడుకుల పేర్లు మెల్లగా పలికింది. ఆ పేర్లు నేను వినడం అదే మొదలు. దేవి ముందు నేను ఏమీ కోరుకోలేదు. కోరుకునే హక్కు నాకప్పటికి లేదనిపించింది.

అక్కడి నుంచి పాఠశాలకు వెళ్ళాం. హెడ్మాస్టరు నడివయసు మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుని నా కాగితం రెండుసార్లు చదివాడు. కింద రాసింది మూడోసారి కూడా చదివాడు. బల్లమీది పుస్తకం తీసి కోమల్ ముందు పెట్టి, ఎక్కడైనా చదవమన్నాడు. కోమల్ చదివింది. మొదటి వాక్యంలో తడబడింది, రెండో వాక్యానికి సర్దుకుంది. గుమ్మం బయట మాణిక్ చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి వింటున్నాడు. ఒక పేజీ అయ్యాక హెడ్మాస్టరు చాలని చెయ్యి ఎత్తాడు. కోమల్ ఆగలేదు, పేరా చివరిదాకా చదివి పుస్తకం మూసింది.

ఆయన జూన్ పదిహేనున తీసుకురమ్మన్నాడు. చేరిక ఫారం తీసి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. తండ్రి, తల్లి, ఊరు. ఏడాదిలో ఆరు నెలలు తల్లిదండ్రులు ఊళ్ళో ఉండరు కాబట్టి, పిల్లకు ఏదైనా అయితే కబురు చెయ్యడానికి ఇంకొకరి పేరు కావాలన్నాడు. మాణిక్ నావైపు చూపించాడు. నేను పేరు, ఫోను నంబరు చెప్పాను.

"మీరు పిల్లకు ఏమవుతారు?" అని అడిగాడు ఆయన కలం ఎత్తిపెట్టి.

పాఠం చెప్పినదాన్ని అనబోయాను. నా వెనక నుంచి శేవంత అంది.

"మామ."

హెడ్మాస్టరు కళ్ళజోడు కిందికి దించుకుని నా తెల్లజుట్టు చూశాడు, చీర చూశాడు, నా కొంగు పట్టుకుని నిలబడ్డ బోడితల పిల్లవాణ్ణి చూశాడు. తప్పు విన్నానేమో అన్నట్టు మళ్ళీ శేవంతను చూశాడు. ఆమె తన మాట మార్చుకోలేదు. ఆయన తలవంచి, బంధుత్వం అన్న గడిలో ఆ మాటే రాసుకున్నాడు.